రాక్ డ్రమ్స్ మిక్స్ చేయాలంటే ముందు దూరం తేల్చుకోండి

సికింద్రాబాద్‌లో నాకో చిన్న మిక్సింగ్ గది ఉంది. కాలేజీ బ్యాండ్ల కుర్రాళ్లు ఎక్కడో రికార్డు చేసుకుని హార్డ్ డిస్క్ పట్టుకొస్తే మిక్స్ చేసి, అంటే విడివిడి ట్రాక్‌లన్నీ ఒక పాటగా కలిపి, ఇస్తుంటాను. వచ్చినవాళ్లు ముందు గిటార్ గురించే మాట్లాడతారు. ఏ యాంప్ వాడారు, ఏ పెడల్ పెట్టారు, డిస్టార్షన్ ఎంత ఉండాలి, ఇవన్నీ రాసుకుని మరీ తెస్తారు. డ్రమ్స్ సంగతి అడిగితే మాత్రం "పవర్‌ఫుల్‌గా ఉండాలన్నా" అని ఊరుకుంటారు.

నేనైతే డ్రమ్స్ దగ్గరే మొదలుపెడతాను. రాక్ పాట ఏ కాలంలో పుట్టిందో, ఎంత పెద్ద గదిలో వాయించారో, వినేవాడు ఎక్కడ కూర్చున్నాడో ముందుగా చెప్పేది డ్రమ్సే. గిటార్ ఒక్కటే వినిపించి ఏ దశాబ్దానిదో చెప్పమంటే తడుముకోవాలి. స్నేర్ (సెట్‌లో పదునుగా మోగే చిన్న డ్రమ్) రెండు దెబ్బలు వింటే చాలు, చాలాసార్లు చెప్పెయ్యొచ్చు. ఎందుకంటే దెబ్బ చెవికి ఎంత దగ్గరగా పడాలి, పడ్డాక ఎంతసేపు మోగాలి అనే ఈ రెండింటి మీద ప్రతి తరం ఒక నిర్ణయం తీసుకుంది. మీరు కూడా ఏ ప్లగిన్ (కంప్యూటర్‌లో శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) తెరవకముందే ఆ నిర్ణయం తీసుకోవాలి. ఎలా తీసుకోవాలో, దాన్ని అమల్లో ఎలా పెట్టాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

దగ్గర నుంచి మొదలుపెడదాం

1960ల మధ్య దాకా లండన్‌లోని ఈఎంఐ స్టూడియోస్‌లో కిక్ డ్రమ్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మరీ దగ్గరగా మైక్ పెట్టకూడదని నిబంధన ఉండేది. డ్రమ్‌లోంచి తన్నుకొచ్చే గాలికి ఖరీదైన మైక్ పాడవుతుందని భయం. తర్వాత అబ్బీ రోడ్‌గా పేరు మారిన స్టూడియో అదే. 1966 ఏప్రిల్‌లో బీటిల్స్ అక్కడ ‘రివాల్వర్’ ఆల్బమ్ మొదలుపెట్టారు. ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్‌కి అప్పుడు 20 ఏళ్లు. ‘టుమారో నెవర్ నోస్’ పాటకి ఆయన రింగో స్టార్ కిక్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కి, మైక్‌ని కొన్ని అంగుళాల దూరానికి జరిపి, ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ లిమిటర్ (పెద్ద శబ్దాన్ని అణిచే యంత్రం)తో గట్టిగా నొక్కారు. అంతవరకూ ఎక్కడో వెనకాల టక్కుటక్కుమన్న డ్రమ్స్ పాటకి ముందు వరుసలోకి వచ్చేశాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అంతకు రెండు మూడేళ్ల ముందరి వాళ్ల పాట ఒకటి, వెంటనే ఇదీ వినండి. వాయించేది అదే మనిషి, మైక్ జరిగింది.

ఇంట్లో చేయాలంటే ఇది అన్నిటికన్నా తేలిక. కిక్ డ్రమ్‌లో ఒక దిండు పెట్టండి. బీటర్ (పెడల్ తొక్కితే కొట్టే సుత్తి) తగిలే చర్మానికి దిండు అంచు ఆనీ ఆనకుండా ఉండాలి. ముందు చర్మానికి రంధ్రం ఉంటే మైక్‌ని అందులోంచి లోపలికి పోనిచ్చి బీటర్ వైపు తిప్పండి. లోపలికి వెళ్లేకొద్దీ టక్ మనే దెబ్బ ఎక్కువ, బయటికి వచ్చేకొద్దీ ధమ్ మనే బరువు ఎక్కువ. అంగుళం జరిపి ఒకసారి విని, మళ్లీ అంగుళం జరపండి. ఈక్యూతో (శబ్దంలో ఒక్కో స్థాయిని పెంచే తగ్గించే సాధనం) గంటసేపు కుస్తీ పట్టినా రాని తేడా ఇక్కడ వస్తుంది.

ట్యూనింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన డప్పు కళాకారులు వాయించే ముందు చర్మాన్ని నిప్పు సెగకి కాచుకుంటారు కదా, స్నేర్ మీద కూడా అంతే శ్రద్ధ కావాలి. అంచు చుట్టూ ఉన్న ప్రతి బోల్టు పక్కనా అంగుళం లోపలికి వేలితో తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా బిగించండి. ఒకటి బిగించాక దాని పక్కది కాకుండా ఎదురుది బిగించాలి. ఇంకా గింగురుమంటుంటే టిష్యూ మడిచి అంచు దగ్గర టేప్ వేస్తే చాలు. ట్యూన్ చేయని స్నేర్‌ని మిక్స్‌లో బాగుచేయడం ఎవరివల్లా కాదు.

1970లకి వచ్చేసరికి ఈ దగ్గరితనాన్ని చివరిదాకా లాగారు. 1969లో ‘అబ్బీ రోడ్’ ఆల్బమ్ నాటికే రింగో డ్రమ్స్ మీద టీ టవళ్లు పరిచి వాయిస్తున్నారు. తర్వాత స్టూడియో గోడలకీ నేలకీ తివాచీలు కట్టారు, టామ్‌ల (సెట్‌లోని మిగతా డ్రమ్స్) కింది చర్మాలు తీసేశారు, డ్రమ్మర్‌ని చిన్న గదిలో కూర్చోబెట్టారు. గది అనేది పూర్తిగా మాయమైపోయింది. మెత్తని పాటలకి, గొంతు ముందుండాల్సిన పాటలకి ఈ శబ్దం నాకు చాలా ఇష్టం. మీ పాట అలాంటిదైతే స్నేర్ మీద పాత నూలు టవల్ వేసి రికార్డు చేయండి, రివర్బ్ (గది మోతని కృత్రిమంగా కలిపే ఎఫెక్ట్) జోలికి పోకండి.

మెట్ల మీద మైకులు

ఇప్పుడు రెండో కొస. ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. 18వ శతాబ్దం చివర్లో పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌గా కట్టారు. లెడ్ జెపెలిన్ తమ నాలుగో ఆల్బమ్ కోసం అక్కడ దిగింది. ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పాటకి జాన్ బోనమ్ డ్రమ్ సెట్‌ని కింద హాల్లో, మెట్ల అడుగున పెట్టారు. ఇంజనీర్ ఆండీ జాన్స్ రెండు బేయర్ ఎం160 మైకుల్ని పైనున్న మెట్ల మీదనుంచి కిందికి వేలాడదీశారు. కిక్‌కి విడిగా మైక్ లేదు. వచ్చిన శబ్దాన్ని బాగా కంప్రెస్ చేసి (పెద్ద శబ్దాల్ని నొక్కి చిన్నవాటితో తేడా తగ్గించి), బిన్సన్ ఎకోరెక్ అనే ఎకో యంత్రం గుండా పంపారు. 1971 నవంబర్‌లో ఆల్బమ్ వచ్చింది. మొదటి రెండు బార్లు (నాలుగేసి బీట్ల ఆవర్తాలు) డ్రమ్స్ ఒక్కటే వినిపిస్తాయి. ఆ తర్వాత దాన్ని కోసి తమ పాటల్లో అతికించుకున్నవాళ్లకి లెక్కలేదు.

అక్కడ జరిగిందేమిటంటే, దెబ్బ నేరుగా మైక్‌కి చేరిన వెంటనే గోడలకి తగిలి వచ్చిన శబ్దం కూడా వెంటపడి చేరింది. కంప్రెసర్ దెబ్బని కిందికి నొక్కి, వెనకాల వచ్చే గది మోతని పైకి లాగింది. అందుకే ఆ డ్రమ్స్ అంత పెద్దగా అనిపిస్తాయి. బోనమ్ కిక్ 26 అంగుళాలది, లోపల దిండూ గిండూ ఏమీ కుక్కలేదన్నది కూడా మరవకూడదు. దిండు పెట్టిన డ్రమ్‌ని దూరం నుంచి రికార్డు చేస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. మైక్ ఎంత దూరం పోతే డ్రమ్‌ని అంత స్వేచ్ఛగా మోగనివ్వాలి.

మనకి హెడ్లీ గ్రేంజ్ లేకపోవచ్చు గానీ, గ్రానైట్ మెట్లున్న అపార్ట్‌మెంట్లు వీధికి నాలుగున్నాయి. మా బిల్డింగ్‌లో ఆదివారం మధ్యాహ్నం అసోసియేషన్ వాళ్లని అడిగి ఇలాగే చేశాం. సెట్ కింది ల్యాండింగ్‌లో పెట్టి, ఒక మైక్ మొదటి అంతస్తు రెయిలింగ్ నుంచి, ఇంకొకటి రెండో అంతస్తు నుంచి వదిలాం. నీళ్ల మోటార్ ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని ముందే అడిగి తెలుసుకోవాలి, లేకపోతే మంచి టేక్ మధ్యలో మోటార్ గొంతు కలుస్తుంది. లిఫ్ట్ తలుపుల మీద దుప్పటి కప్పాం, రేకు అదురుతోందని. అసలు ఇబ్బంది సింబల్స్ అనే లోహపు పళ్లేలతో వచ్చింది. మెట్లదారిలో క్రాష్ అనే పెద్ద సింబల్ ఒక్కసారి కొడితే స్నేర్ కనపడకుండా పోతుంది. తగ్గించి వాయించమంటే "అన్నా, క్రాష్ లాగి కొట్టకపోతే వాయించినట్టే ఉండదు" అన్నాడు మా డ్రమ్మర్. రెండు టేకులూ తీసి, హెడ్‌ఫోన్స్ వాడికే ఇచ్చాను. రెండోది విన్నాక ఇంకేం మాట్లాడలేదు, వెళ్లి క్రాష్ స్టాండ్ అడుగు దూరం జరుపుకున్నాడు.

కంప్రెసర్ పెట్టుకోవడం ఇలా. అటాక్, అంటే నొక్కు పట్టుకోవడానికి పట్టే సమయం, 20, 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే కర్ర తగిలిన చప్పుడు తప్పించుకుని బయటికొస్తుంది. రిలీజ్‌ని, అంటే నొక్కు వదలడానికి పట్టే సమయాన్ని, పాట వేగానికి సరిపెట్టాలి. నొక్కిన శబ్దం మళ్లీ పైకి లేచేసరికి తర్వాతి దెబ్బ పడాలి. మీటర్ సూది పాటతోపాటు ఊగుతుంటే సరిగ్గా పెట్టినట్టే.

డ్రమ్ సెట్ మోసుకెళ్లే వీలు లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ముందే రికార్డైన స్నేర్ ట్రాక్‌ని ఒక స్పీకర్‌లో మెట్లదారిలోనో, టైల్స్ వేసిన బాత్రూంలోనో వాయించి, దూరంగా మైక్ పెట్టి మళ్లీ రికార్డు చేయండి. దాన్ని అసలు ట్రాక్ కింద కొంచెం కలపండి. ఏ ప్లగిన్‌లోనూ దొరకని గది మీ ఇంట్లోనే దొరుకుతుంది.

తాడుతో కొలవండి

దగ్గరా దూరం కాకుండా మధ్యస్తంగా, సెట్ ఎదురుగా నిలబడ్డట్టు కావాలంటే గ్లిన్ జాన్స్ పద్ధతికి మించింది లేదు. ఆండీకి అన్నయ్య. లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌ని 1968లో లండన్ ఒలింపిక్ స్టూడియోస్‌లో రికార్డు చేసింది ఈయనే. ఒక మైక్ స్నేర్‌కి నేరుగా పైన, సుమారు 40 అంగుళాల ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, టామ్ అంచుకి కాస్త పైగా, హైహ్యాట్ (జంట సింబల్స్) వైపు చూస్తూ. కిక్‌కి ఒకటి. స్నేర్‌కి కావాలంటే ఇంకొకటి.

కీలకం ఏమిటంటే స్నేర్ నడిమధ్య నుంచి మొదటి రెండు మైకులూ సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. తాడు ఒక కొస స్నేర్ మధ్యలో పట్టుకోమని డ్రమ్మర్‌కి చెప్పి, ఇంకో కొసని ఒక మైక్‌కి ఆనించి ముడి వేయండి. అదే ముడిని రెండో మైక్ దగ్గరికి తీసుకెళ్లండి. శబ్దం అడుగు దూరం నడవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. దూరాల్లో తేడా ఉంటే స్నేర్ ఒక మైక్‌కి ముందు, ఇంకో మైక్‌కి ఆలస్యంగా చేరి, రెండూ కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడుతుంది. కొలిచాక కూడా మిక్స్‌లో ప్రతి ట్రాక్ పొలారిటీ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, మోనోలో వినండి. ఏ వైపు బరువు ఎక్కువ వినిపిస్తే అదే సరైనది. ఖరీదైన మైకులు లేవని బాధపడే కుర్రాళ్లకి నేను ముందు ఈ తాడే చేతికిస్తాను.

మోతని మధ్యలో కోసేస్తే

1980 నాటి శబ్దం దగ్గరా కాదు, దూరమూ కాదు. రెండూ ఒకేసారి. పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో తయారవుతోంది. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజనీర్ హ్యూ పాడమ్, డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్. లోపలున్న సంగీతకారుల మాటలు కంట్రోల్ రూమ్‌లోకి వినపడటానికి పైన ఒక మైక్ ఉండేది. గదిలో ఏ మూల మాట్లాడినా వినపడాలని దానికి చాలా గట్టి కంప్రెసర్ తగిలించారు. కాలిన్స్ వాయిస్తుండగా ఆ మైక్ తెరిచి ఉంది. స్పీకర్లలో డ్రమ్స్ భూకంపంలా వచ్చాయి. పాడమ్ ఆ మైక్‌ని రికార్డు చేసుకునేలా ఎస్ఎస్ఎల్ కన్సోల్‌లో (మిక్సింగ్ బల్ల) వైర్లు మార్పించి, నాయిస్ గేట్ కూడా పెట్టారు. గది మోత పెద్దగా లేస్తుంది, తగ్గుముఖం పట్టకముందే గేట్ తలుపు మూసేస్తుంది. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గేబ్రియల్ పట్టుబట్టడం దీనికి బాగా కలిసొచ్చింది. ‘ఇంట్రూడర్’ పాట మొదట్లో వినండి. 1981 జనవరిలో కాలిన్స్ సొంత పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ వచ్చింది. మూడున్నర నిమిషాలు దాటాక పడే ఆ డ్రమ్స్ దెబ్బతో ప్రపంచమంతటా ఈ శబ్దం పాకింది. త్వరలోనే ఏఎంఎస్ ఆర్‌ఎంఎక్స్16 అనే పెట్టెలో ఇదే మోతని ఒక బటన్ కింద అమ్మారు.

మీ కంప్యూటర్‌లో చేసుకోవాలంటే స్నేర్ నుంచి ఒక సెండ్ (ఆ శబ్దం నకలుని వేరే దారికి పంపేది) తీసి దాని మీద వరసగా మూడు పెట్టండి: ముందు రెండు సెకన్ల రివర్బ్, తర్వాత గట్టి కంప్రెసర్, చివర గేట్. గేట్ తెరుచుకోవడం రివర్బ్ శబ్దాన్ని బట్టి కాకుండా అసలు స్నేర్ ట్రాక్‌ని బట్టి జరగాలి, అంటే సైడ్‌చెయిన్ స్నేర్ నుంచి ఇవ్వాలి. ఎంతసేపు తెరిచి ఉంచాలనేది లెక్క కట్టండి. 60,000ని పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోకి 500. అందులో సగం, 250 దగ్గర హోల్డ్ పెట్టి, అక్కడినుంచి చెవితో సర్దుకోండి. రిలీజ్ చాలా తక్కువ ఉండాలి, ఠక్కున తెగాలి.

ఒక జాగ్రత్త. డ్రమ్మర్ స్నేర్ మీద మెల్లగా వాయించే చిన్న చిన్న దెబ్బలుంటే గేట్ వాటిని మింగేస్తుంది. కాలిన్స్ ఆ భాగాల్లో విడివిడిగా, ఖాళీ వదిలి వాయించారు కాబట్టే అది నిలబడింది. నిండుగా వాయించే డ్రమ్మర్ పాటకి ఇది పెడితే అతని చేతివాటం మొత్తం పోతుంది, అది నాకు చూడబుద్ధి కాదు.

శుభ్రం చేస్తూ పోతే ఎక్కడ ఆగాలి

అదే 1980లో ఏసీ/డీసీ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ కూడా వచ్చింది. బహామాస్‌లోని నాసోలో మట్ లాంగ్ నిర్మాతగా రికార్డు చేశారు. అందులో డ్రమ్స్ చుట్టూ మోత తక్కువ, ఖాళీ ఎక్కువ. ఇదే మట్ లాంగ్ 1987లో డెఫ్ లెపర్డ్ ‘హిస్టీరియా’ దగ్గరికి వచ్చేసరికి డ్రమ్స్‌ని ఫెయిర్‌లైట్ కంప్యూటర్‌లో శాంపిళ్లుగా, అంటే ముందే రికార్డు చేసిన దెబ్బల ముక్కలుగా, పేర్చారు. ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. ఆ పాటలకి అది నప్పింది, ఎందుకంటే గొంతులూ గిటార్లూ కూడా అంతే నునుపుగా పొరలు పొరలుగా కట్టారు.

1988లో మెటాలికా ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో కిక్ డ్రమ్‌ని టిక్కుటిక్కుమనే చప్పుడుగా చెక్కారు, బేస్ గిటార్ దాదాపు వినపడదు. మెటల్ వాయించే కుర్రాళ్లు ఆ టిక్కు కావాలని అడుగుతుంటారు. ఇస్తాను. కిక్‌లో 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం పెంచి, 300 హెర్ట్జ్ ప్రాంతంలో తగ్గిస్తే వస్తుంది. కానీ బేస్ గిటార్‌ని పక్కనే పెట్టుకుని వింటూ చేయాలి. కిక్ బరువు 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే బేస్‌కి 90, 100 వదలండి, లేదా తిరగేయండి. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చుంటే ఇద్దరూ వినపడరు.

తర్వాత గది మళ్లీ తిరిగొచ్చింది. 1991లో నిర్వాణా ‘నెవర్‌మైండ్’ని బుచ్ విగ్ లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీలో రికార్డు చేశారు, మిక్స్ చేసింది ఆండీ వాలెస్. డేవ్ గ్రోల్ వాయించిన దెబ్బల కింద వాలెస్ శాంపిళ్లు కలిపారు. 1993లో ‘ఇన్ యుటెరో’కి అదే బ్యాండ్ స్టీవ్ అల్బీనీ దగ్గరికి, మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోకి వెళ్లింది. అల్బీనీ సెట్ చుట్టూ, గదిలో దూరంగా మైకులు పెట్టి, ఉన్నదున్నట్టు పట్టారు. ఒకే డ్రమ్మర్, రెండేళ్ల తేడా. ఈ రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన వినడం కన్నా మంచి పాఠం నాకు తెలీదు. నా ఓటు రెండోదానికే. అందులో గ్రోల్ చేతులు కనపడతాయి.

అల్బీనీ నుంచి నేను తీసుకున్న ఒక కిటుకు రోజూ పనికొస్తుంది. ఆయన దూరపు మైకుల్ని ఇంకొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసేవారు. మీ రూమ్ ట్రాక్‌ని (దూరపు మైకులో పట్టిన గది శబ్దం) 20 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. పదడుగుల బెడ్‌రూమ్ కాస్తా ఇంకో ఇరవై అడుగులు పెరిగినట్టు వినిపిస్తుంది. 30 దాటితే దెబ్బ రెండుగా చీలినట్టు అనిపించడం మొదలవుతుంది, అక్కడ ఆగండి.

ఇక మీ పాట

ఫైళ్లు తెరవగానే పాట పదాలు చదవండి. గొంతు చెవిలో గుసగుసలాడుతోందా, మైదానంలో అరుస్తోందా? దాన్ని బట్టి వినేవాడి చోటు ఒక వాక్యంలో కాగితం మీద రాసుకోండి: డ్రమ్మర్ పక్క స్టూల్ మీద, లేదా హాలు చివరి వరసలో. చరణం దగ్గరగా, పల్లవి దూరంగా కూడా ఉండొచ్చు. అప్పుడు రూమ్ ట్రాక్ ఫేడర్ (శబ్దం పెంచే తగ్గించే మీట) పల్లవిలో మాత్రం లేపాలి. నా మిక్స్‌లలో ఎక్కువ పని చేసే ఫేడర్ అదే.

తర్వాత ఓవర్‌హెడ్ (సెట్ పైనున్న మైకులవి), రూమ్ ట్రాక్‌లు మాత్రమే తెరిచి, అవి ఒక్కటే వింటే సెట్ మొత్తం తెలిసేలా సర్దండి. ఆ తర్వాత కిక్, ఆ తర్వాత స్నేర్ కిందనుంచి మెల్లగా పైకి తేవాలి. ఒక ట్రాక్‌నే విడిగా వినిపించే సోలో బటన్‌కి దూరంగా ఉండండి. విడిగా వింటే అందంగా ఉన్న స్నేర్ రెండు గిటార్ల మధ్య మాయమవుతుంది, విడిగా మొరటుగా ఉన్నదే పాటలో సరిగ్గా కూర్చుంటుంది. స్నేర్ బలహీనంగా ఉంటే శాంపిల్ కలపండి, తప్పు లేదు. కానీ అసలు దెబ్బని తీసెయ్యకండి. శాంపిల్‌ని వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తూ అసలు దెబ్బ మొదలుకి సరిగ్గా జత చేయాలి, లేకపోతే ఇందాక చెప్పిన పలచదనం ఇక్కడా వస్తుంది.

రివర్బ్ అన్నిటికన్నా చివర. "అన్నా, రివర్బ్ ఇంకొంచెం పెంచవా" అని పక్కనుంచి ఎవరైనా అంటే ముందు రూమ్ ట్రాక్ ఫేడర్ ఒక డీబీ (డెసిబెల్) లేపి చూడండి. చాలాసార్లు వాళ్లకి కావాల్సింది అదే.

పూర్తయ్యాక వాల్యూమ్ బాగా తగ్గించి, పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గర నిలబడి వినండి. స్నేర్, గొంతు రెండూ సమానంగా వినపడాలి. తర్వాత ఫోన్ స్పీకర్‌లో. అందులో కిక్ బరువు ఎలాగూ రాదు, బీటర్ చప్పుడైనా తెలియాలి. తెలియకపోతే ఆ 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు డీబీలు పెంచి, మళ్లీ ఫోన్‌లో విని, బ్యాండ్‌కి పంపెయ్యండి.